వెదకని వనం

ధర్మసంకటంలో ఉన్న భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “మనస్సు పది విధాలుగా చెబుతోంది. అందులో భగవంతుని ప్రేరణ ఏది? నా భయం ఏది? నా కోరిక ఏది? తెలుసుకోవడం ఎలా?” అని. అమ్మాయికి వచ్చిన సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా, ఉన్న ఉద్యోగం విడిచిపెట్టాలా వద్దా, వృద్ధులైన తల్లిదండ్రులను తమ దగ్గరకు తెచ్చుకోవాలా వద్దా - సందర్భాలు వేరైనా లోపలి బాధ ఒక్కటే. రాత్రి పడక మీద మొదలైన ఆలోచన తెల్లవారినా ఒక కొలిక్కి రాదు.

ఈ ప్రశ్నకు నేను స్వంతంగా సమాధానం చెప్పే సాహసం చేయను. వాల్మీకి రామాయణంలోని సుందరకాండ తెరుస్తాను. ముప్పై ఏళ్లుగా దానిని చదువుతూ, చెబుతూ ఉన్న నాకు తెలిసినంతలో, ఆలోచనల సుడిలో చిక్కుకున్న మనస్సును, అందులో నుండి బయటపడిన మనస్సును ఇంత వివరంగా చూపిన చోటు మరొకటి కనబడలేదు. సముద్రాన్ని దాటిన హనుమంతుణ్ణి మనమందరం ఎరుగుదుము. తన ఆలోచనలను దాటిన హనుమంతుణ్ణి కూడా ఎరిగి ఉండడం మంచిది. ఆ రెండవ లంఘనం మొదటిదాని కంటె సులభమైనదేమీ కాదు.

విచారణ, విచారం

మన పెద్దలు అంతఃకరణాన్ని నాలుగుగా చెప్పారు. ‘ఇలా చేద్దామా, అలా చేద్దామా’ అని సంకల్ప వికల్పాలు చేసేది మనస్సు. ‘ఇదే చేయవలసినది’ అని నిశ్చయించేది బుద్ధి. అనుభవాలను దాచి ఉంచి జ్ఞప్తికి తెచ్చేది చిత్తం. అన్నింటి మీద ‘నేను, నాది’ అనే ముద్ర వేసేది అహంకారం. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతో పోల్చినప్పుడు ఇంద్రియాలను గుర్రాలుగాను, మనస్సును పగ్గంగాను, బుద్ధిని సారథిగాను, ఆత్మను రథ యజమానిగాను చెప్పింది. పగ్గం లేకుండా రథం నడపలేము. అయితే దారి నిర్ణయించేది పగ్గం కాదు, దానిని పట్టుకున్న సారథి. సారథి నిద్రపోతే పగ్గం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. రథం మాత్రం గమ్యం చేరదు.

సంస్కృతంలో ‘విచారం’ అంటే పరిశీలన. తెలుగులో అదే మాటకు దుఃఖమనే అర్థం స్థిరపడింది. పరిశీలనగా మొదలైనది ఎక్కడ ఆగాలో తెలియకపోతే దుఃఖంగా మారుతుందని మన భాషకు ఎప్పుడో తెలుసునేమో అనిపిస్తుంది. కనుక ఆలోచించడమే దోషమని ఎవరూ అనుకోరాదు. ఆలోచన తన పని పూర్తి చేసిన చోట దానిని నిలిపి, ఆ నిశ్శబ్దంలో బుద్ధికి అందే మాటను వినడమే అంతఃప్రేరణను నమ్మడం. ఈ నిలపడం ఎలాగో హనుమ మనకు నేర్పుతాడు.

తొలి మెరుపు

ముందుగా ఒక హెచ్చరిక. మనస్సులో తటాలున మెరిసినదంతా దైవప్రేరణ కాదు. హనుమ రావణుని అంతఃపురంలో వెదకుతూ, బంగారు మేనిఛాయతో, ఆభరణాలతో నిద్రిస్తున్న మండోదరిని చూశాడు. ‘ఈమెయే సీత’ అని ఒక్క క్షణం తోచింది. ఆనందం పట్టలేకపోయాడు. భుజాలు చరుచుకున్నాడు, తోకను ముద్దాడాడు, స్తంభాలెక్కి దూకాడు. ఇది 10వ సర్గ చివర వస్తుంది. పారాయణ చేసే పిల్లలు ఇక్కడ నవ్వుతారు, నవ్వనివ్వాలి కూడా.

11వ సర్గ మొదలు కాగానే ఆ ఆనందాన్ని ఆయనే పక్కన పెట్టాడు. రాముణ్ణి ఎడబాసిన సీత నిద్రించదు, అలంకరించుకోదు, పానం చేయదు, దేవేంద్రుడే వచ్చినా పరపురుషుని దగ్గర ఉండదు. కాబట్టి ఈమె వేరొక స్త్రీ. ఇంతే ఆయన తర్కం. తొలి మెరుపును ఆయన దేనితో కొలిచాడో గమనించండి. సీత శీలం గురించి తనకున్న ఎరుకతో కొలిచాడు. అంటే ధర్మంతో కొలిచాడు. కోరిక కూడా మెరుపులాగే వస్తుంది. వెదకి వెదకి అలసినవానికి ‘దొరికింది’ అనే మాట ఎంతో తీపిగా ఉంటుంది. ఆ తీపి చాలదు. ధర్మానికి సరిపోలితేనే అది ప్రేరణ; సరిపోలకపోతే అలసిన మనస్సు కల్పించుకున్న ఊరట.

చింతల గొలుసు

అంతఃపురంలో నాలుగంగుళాల చోటు కూడా మిగలకుండా వెదకినట్లు 12వ సర్గ చెబుతుంది. సీత కనబడలేదు. ఇక 13వ సర్గలో మనం చూసేది మహావీరుని మనస్సు మన మనస్సులాగే నడవడం.

సీత లంకలో ఉన్నదని సంపాతి స్పష్టంగా చెప్పాడు. ఆ మాట హనుమకు గుర్తున్నది. అయినా మనస్సు దానిని దాటి పరుగెత్తింది. రావణుడు ఎత్తుకుపోతుండగా ఆమె సముద్రంలో పడిపోయిందేమో. సముద్రాన్ని చూసి భయంతో ప్రాణం విడిచిందేమో. రాక్షసులు భక్షించారేమో. రాముణ్ణే తలచుకుంటూ కన్నుమూసిందేమో. ఇప్పుడు ఈ సంగతి రాముడికి చెప్పితే దోషం, చెప్పకపోతే దోషం. చెప్పితే రాముడు జీవించడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు. ఆ వార్త విని భరతుడు, భరతుణ్ణి చూసి శత్రుఘ్నుడు, కుమారులను పోగొట్టుకున్న తల్లులు, కృతజ్ఞుడైన సుగ్రీవుడు, అతని వెనుక రుమ, తార, అంగదుడు, ఆ పైన వానరులందరూ - ఒకరి వెంట ఒకరు ప్రాణాలు విడుస్తున్నట్లు ఆయనకు తోచింది. కిష్కింధకు తిరిగి వెళ్లకపోతే కనీసం ఆశతోనైనా వారు బ్రతుకుతారు కదా అనుకున్నాడు. వానప్రస్థుడనై ఏ చెట్టు క్రిందనో ఉండిపోతాననుకున్నాడు. అగ్నిలో ప్రవేశిస్తానని కూడా అనుకున్నాడు.

ఈ ఘట్టంలో మూడు సంగతులు నన్ను ఎప్పుడూ ఆపుతాయి.

మొదటిది: ఈ చింత స్వార్థం నుండి పుట్టలేదు. ఆయన దుఃఖమంతా ఇతరుల ప్రాణాల గురించే. అతిగా ఆలోచించి నలిగిపోయేవారు తరచుగా బాధ్యత తెలిసినవారే. అందుచేత వారిని మందలించడం కంటె వారి పక్కన కూర్చోవడం మేలు.

రెండవది: గొలుసులోని ఒక్కొక్క కొక్కెం తరువాతి కొక్కేనికి చక్కగా తగులుకుంటుంది. తర్కంలో లోపం కనబడదు. లోపం మొదటి కొక్కెంలోనే ఉన్నది. ‘సీత లేదు’ అన్నది ఎవరూ చూచినది కాదు. ‘నాకు కనబడలేదు’ అన్నది ‘లేదు’గా మారింది. అక్కడి నుండి అయోధ్య వరకు మరణమే కనిపించింది.

మూడవది: ఆయన ఊహించిన మరణాలలో ఒక్కటీ జరగలేదు. ఆ చింత సాగుతున్న సమయంలోనే సీతమ్మ సజీవంగా, అదే లంకలో, అశోకవనంలో ఉన్నది. పెద్దవాడైన సంపాతి చెప్పిన మాటే నిజం.

వనం కనిపించిన క్షణం

మరి ఆ గొలుసు ఎలా తెగింది? ఆకాశవాణి పలకలేదు. దేవతలెవరూ ప్రత్యక్షం కాలేదు. మరణంలో దోషాలు అనేకం, జీవించి ఉన్నవానికి శుభం కలిగే అవకాశం ఉన్నది అని ముందు నిశ్చయించుకున్నాడు. సీత కనబడేవరకు లంకను మళ్లీ మళ్లీ వెదకుతానని సంకల్పించాడు. అప్పుడు చూపు ఎత్తితే పెద్ద చెట్లతో నిండిన అశోకవనం కనబడింది. ‘దీనిని నేను ఇంకా వెదకలేదు’ అనుకున్నాడు.

అంతఃప్రేరణ అంటే ఏదో గొప్ప అద్భుతం జరుగుతుందని ఎదురుచూసేవారు ఈ చోట నిదానంగా చదువుకోవాలి. వచ్చినది ఒక్క చిన్న మాట. అందులో భవిష్యత్తు లేదు. అయోధ్య లేదు, కిష్కింధ లేదు, ఎవరి చావు బ్రతుకులూ లేవు. ఉన్నదల్లా తరువాతి అడుగు. చింత నూరు యోజనాల అవతలి సంగతులు చెప్పింది. ప్రేరణ ఎదుటనున్న గోడ అవతల ఏమున్నదో చూడమన్నది.

ఇంకొక తేడా కూడా ఉన్నది. చింత వెదకిన చోటునే మళ్లీ మళ్లీ వెదకుతుంది. అంతఃపురం, పానశాల, పుష్పకం - అవే గదులు, అవే నిట్టూర్పులు. ప్రేరణ వెదకని వనం వైపు చూపు తిప్పుతుంది. నాకు తెలిసిన గుర్తులలో ఇది చాలా నమ్మదగినది. మీ ఆలోచన నిన్నటి మాటలనే ఈ రోజూ చెబుతున్నదా? అయితే అది సుడి. మీరు ఇంతవరకు వెళ్లని చోటికి, అడగని మనిషి దగ్గరకు, చేయని చిన్న పనికి దారి చూపుతున్నదా? అయితే కొంచెం ఆగి దానిని వినండి.

వనం కనబడిన వెంటనే హనుమ దూకలేదు. వసువులకు, రుద్రులకు, ఆదిత్యులకు, అశ్వినీదేవతలకు, మరుత్తులకు నమస్కరించాడు. లక్ష్మణ సహితుడైన రామునికి, జానకికి, ఇంద్రునికి, యమునికి, వాయువుకు నమస్కరించాడు. సుగ్రీవునికీ నమస్కరించాడు. నమస్కారంలో తల వంగుతుంది. ‘అంతా నా వల్లనే నిలబడాలి, నా వల్లనే కూలిపోతుంది’ అన్న బరువు అప్పుడు దిగుతుంది. అంతకు ముందు అయోధ్య నుండి కిష్కింధ వరకు అందరి ప్రాణాలనూ తన భుజాలపై మోస్తున్నాడు. నమస్కరించాక వనం వరకు వెళ్లడం ఒక్కటే ఆయన పని. ఆ తరువాత మనస్సుతో ముందు వనానికి చేరి, పిదప శరీరంతో గోడ మీదికి దూకాడు.

కనబడిన తరువాత కూడా

ప్రేరణ వచ్చింది కదా అని ఆయన పరిశీలన మానలేదు. శింశుపా వృక్షం మీద కూర్చుని, కృశించి మలిన వస్త్రంతో ఉన్న స్త్రీని చూచి, రాముడు వర్ణించి చెప్పిన ఆభరణాలతో ఆమె ఆభరణాలను పోల్చుకున్నాడు. ఋష్యమూకం మీద జారవిడిచినవి ఆమె ఒంటి మీద లేవు, మిగిలినవి సరిపోయాయి. అక్కడ పడిన ఉత్తరీయం రంగు, ఆమె కట్టుకున్న వస్త్రం రంగు ఒక్కటే. అప్పుడు ‘ఈమె సీత’ అని నిర్ణయించుకున్నాడు. మండోదరిని చూచినప్పటి గంతులు ఇక్కడ లేవు.

30వ సర్గలో మరొకసారి సందిగ్ధం వచ్చింది. ద్విజునివలె సంస్కృతం మాట్లాడితే ఆమె తనను రావణుడనుకుని భయపడుతుంది. భయపడి కేక వేస్తే రాక్షస స్త్రీలు ఆయుధాలతో చుట్టుముడతారు. పోరాడి అలసిపోతే సముద్రం దాటలేడు. మాట్లాడకపోతే ఆమె ప్రాణం నిలవదు. మాట్లాడాలా, మానాలా? మనస్సు ఎప్పుడూ ఇలా రెండు తలుపులు చూపించి, రెండింటికీ తాళం వేస్తుంది. ‘ఏ మాట వింటే ఆమెకు భయం కలగదు?’ అని బుద్ధి అడిగింది. రాముని కథ వింటే భయం కలగదు. చెట్టు మీద నుండే మెల్లగా, మధురంగా రామకథ చెప్పసాగాడు. ఆ మూడవ తలుపు ఎదుటివారి హృదయం వైపు చూచినప్పుడు తెరుచుకున్నది.

అడగని మాట

కొన్నేళ్ల క్రితం ఒక భక్తుడు వరుసగా నాలుగు శనివారాలు ప్రవచనానికి వచ్చి, ఐదవ వారం నాతో మాట్లాడాడు. ఉద్యోగ విరమణ చేసినవాడు. తండ్రి పోయిన తరువాత ఎనభై దాటిన తల్లి పల్లెటూరిలో ఒంటరిగా ఉంటున్నది. తన దగ్గరకు తెచ్చుకుంటే మూడవ అంతస్తులో ఆమె ఇమడలేదు. అక్కడే ఉంచితే రాత్రివేళ జారిపడితే దిక్కెవరు? అన్నదమ్ములు వంతులు వేసుకుంటే మాటలు వస్తాయి. ఇల్లు అమ్మితే ఊరివారు ఏమనుకుంటారు? ఏడు నెలలుగా ఆయనకు సరిగా నిద్ర లేదు. అన్ని దారులనూ లెక్క వేసి, కాగితం మీద వ్రాసి తెచ్చాడు.

నేను ఆ కాగితం చదివి ఒక్క మాట అడిగాను. “మీ అమ్మగారు ఏమంటున్నారండీ?”

ఆయన చాలాసేపు పలకలేదు. “అమ్మను ఇంకా అడగలేదండీ. అడిగితే పొమ్మంటున్నామని నొచ్చుకుంటుందేమోనని...” అన్నాడు.

ఏడు నెలల ఆలోచనలో తల్లి తరఫు మాటలు కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఆమె ఉన్న ఇంటి గుమ్మం ఒక్కటే ఆయన వెదకని వనం. ఆ ఆదివారం వెళ్లి ఆమె దగ్గర కూర్చున్నాడు. కొడుకు ఇల్లు అమ్మేస్తాడేమో, అడిగితే బరువనుకుంటాడేమో అని ఆమె కూడా రాత్రులు మేలుకునే ఉన్నదట. పగటిపూట భయం లేదు, రాత్రి పక్కన ఒక మనిషి ఉంటే చాలునన్నది. ఎదురింటి వారి అమ్మాయి రాత్రులు వచ్చి పడుకునేటట్లు, కొడుకు పదిహేను రోజులకొకసారి వెళ్లి ఉండేటట్లు ఏర్పాటు చేసుకున్నారు. ఏడాదిన్నర అలా గడిచింది. ఆ తరువాత ఆరోగ్యం తగ్గి, తనంతట తానే “ఇక నీ దగ్గరకు వస్తానురా” అని చెప్పి వచ్చింది.

దీనిని నేను మహిమగా చెప్పడం లేదు. చిక్కు పూర్తిగా తీరిందని కూడా అనను. వృద్ధాప్యం ఉన్నంతకాలం ఆ చింతలు ఏదో రూపంలో ఉంటాయి. అయితే ఒకరికొకరు తెలియకుండా మేలుకున్న తల్లీకొడుకులు ఆ రోజు నుండి నిద్రపోయారు. ఆ మేలు తక్కువది కాదు.

సాధకులకు

ఇంతవరకు చెప్పుకున్నదానిని నిత్యజీవితంలో ఆచరించే విధానం ఇది. ముందు పరిశ్రమ చేయాలి. హనుమ నాలుగంగుళాలు కూడా విడువక వెదకిన తరువాతనే వనం కనబడింది. వ్యాధి విషయమైతే వైద్యుని, ఆస్తి విషయమైతే న్యాయం తెలిసినవారిని, ధర్మ విషయమైతే గురువును, పెద్దలను అడగాలి. అడగకుండా కళ్లు మూసుకుని ‘స్వామి చెబుతాడు’ అని కూర్చోవడం భక్తి అనిపించుకోదు. పెద్దలు చెప్పిన మాటను, సంపాతి మాటవలె, మన భయం కంటె ఎక్కువగా నమ్మాలి.

ఆ తరువాత అదే ఆలోచన క్రొత్త సంగతి ఏదీ తేకుండా మూడవసారి వచ్చినప్పుడు, దానికి నమస్కారం పెట్టి ఆపాలి. దీపం ముందు కొంతసేపు కూర్చుని ఇష్టదైవ నామం జపించాలి. ‘ఏమవుతుంది?’ అన్న ప్రశ్న విడిచిపెట్టి, ‘నేను ఇంకా వెదకని చోటు ఏది?’ అని స్వామిని అడగాలి. వెంటనే జవాబు రాకపోతే కంగారు పడనక్కరలేదు; ఆ ప్రశ్నతో నిద్రపోవచ్చు.

తోచిన మాటను పరీక్షించాలి. అది ఎవరికైనా అన్యాయం చేయమంటున్నదా? దాచిపెట్టి చేయమంటున్నదా? ‘నీవు గొప్పవాడివి’ అని చెవిలో ఊదుతున్నదా? తొందరపెట్టి పెద్దలను అడగనీయకుండా చేస్తున్నదా? అయితే అది మండోదరిని సీత అనుకున్న క్షణం వంటిది, పక్కన పెట్టవలసినదే. ధర్మానికి సరిపోలి, చిన్న అడుగు చూపి, లోపల నెమ్మది కలిగిస్తే, ఆ ఒక్క అడుగు వేయాలి. వేసిన తరువాత మళ్లీ కళ్లతో చూడాలి.

లంకాదహనం తరువాత కూడా హనుమకు చింత వచ్చింది. ఆ మంటలలో సీతమ్మ కూడా దగ్ధమైపోయిందేమోనని తన్ను తానే నిందించుకున్నాడు. ఇది 55వ సర్గలోని సంగతి. అగ్నిని అగ్ని దహించదు కదా అని బుద్ధి ధైర్యం చెప్పింది. ఆమె క్షేమమని ఆకాశంలో చారణులు అనుకుంటున్న మాట చెవిన పడింది. అయినా ఆయన స్వయంగా వెళ్లి ఆమెను చూచి, ఆ పిదపనే తిరుగు ప్రయాణమయ్యాడు. లోపలి మాటను నమ్మినవాడు చూచి రావడానికి వెనుకాడడు. వచ్చిన చింత మళ్లీ రాదని కూడా అనుకోకూడదు. హనుమంతునికే మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఆయన దానిని దాటిన తీరు మాత్రం ఒక్కటే.

గాయత్రీ మంత్రంలో మనం సంపదను అడగము, విజయాన్ని అడగము. మా బుద్ధులను ప్రేరేపించుమని సవితృదేవుని ప్రార్థిస్తాము. తరతరాలుగా సంధ్యావందనంలో అడుగుతున్నది ఈ ప్రేరణనే. అడిగినదానిని వినడానికి కొంత నిశ్శబ్దం ఉంచుకోవడం అడిగినవారి బాధ్యత.

వచ్చే శనివారం 13వ సర్గను ఇంటిలో ఒక్కసారి నిదానంగా చదవండి. మీకు సంస్కృతం రాకపోతే తెలుగు తాత్పర్యం చాలు. హనుమ చింతల గొలుసు వద్ద మీ చింతను కూడా తలచుకోండి. ఆయన తలెత్తి వనాన్ని చూచిన చోట పుస్తకం మూసి, మీరు కూడా ఒకసారి తలెత్తి చూడండి. తోచిన ఆ చిన్న పనిని ఆదివారం వరకు వాయిదా వేయకండి.

శ్రీరామార్పణమస్తు.